జీపీఎస్ ఉన్నా బండి ఎందుకు పోతుంది? వాహన భద్రతా పరికరాల శక్తి, వాటి హద్దులు

కర్నూలులోనో అనంతపురంలోనో వాహనాల సామగ్రి అమ్మే అంగడికి వెళ్లి అడిగితే, ఫలానా పరికరం బిగించుకుంటే బండి పోయే ప్రశ్నే ఉండదన్న హామీ తప్పకుండా వినిపిస్తుంది. అప్పు మీద కొన్న బొలెరోకో, తండ్రీకొడుకులు వంతులవారీగా నడుపుకొనే పది టైర్ల లారీకో కొన్ని వేలు ఖర్చుపెట్టి ఆ పరికరం బిగించుకున్న యజమాని ఆ రోజు నుంచి నిశ్చింతగా నిద్రపోతాడు. బండి నిజంగానే పోయిన రోజున మాత్రం, పరికరం ఉండి కూడా ఇలా ఎందుకు జరిగిందో చెప్పేవారు అతనికి దొరకరు. పరికరం పనికిమాలినదని కొందరు, ఇంకా ఖరీదైనది పెట్టి ఉండాల్సిందని కొందరు అంటారు. రెండు మాటల్లోనూ అసలు సంగతి లేదు. ఏ పరికరం ఏ పని కోసం తయారైందో, ఆ పని ఎక్కడ ఆగిపోతుందో తెలిస్తేనే డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

ముందుగా ఒక విభజన అవసరం. స్టీరింగ్ తాళం, గేర్ తాళం, చక్రానికి వేసే ఇనుప పట్టీ వంటివి బండిని కదిలించడానికి దొంగకు పట్టే సమయాన్ని పెంచుతాయి. ఇమ్మొబిలైజర్ సరైన తాళంచెవి లేకపోతే ఇంజిన్‌ను స్టార్ట్ కానివ్వదు. జీపీఎస్ ట్రాకర్ వీటిలో ఏ పనీ చేయదు. బండి కదిలాక అది ఎక్కడుందో చెప్పడానికి ప్రయత్నిస్తుంది. అంటే కొన్ని పరికరాలు దొంగ సమయాన్ని పెంచుతాయి, కొన్ని యజమానికి విషయం తెలిసే సమయాన్ని తగ్గిస్తాయి. బండి దక్కేదీ లేనిదీ ఈ రెండు సమయాల మధ్య తేడాను బట్టే ఉంటుంది. మొదటిదాన్ని పూర్తిగా వదిలేసి రెండోదాని మీదే డబ్బంతా పెట్టడం మన ప్రాంతంలో ఎక్కువగా కనిపించే పొరపాటు అని నా అభిప్రాయం.

రాయలసీమ రోడ్ల మీద తిరిగే బండ్లలో అన్నీ కొత్తవి కావు. ఇంధనాన్ని యాంత్రిక పంపుతో ఇంజిన్‌లోకి పంపే పాత డీజిల్ లారీలు, ట్రాక్టర్లు ఇప్పటికీ పెద్ద సంఖ్యలో ఉన్నాయి. వాటిలో ఇంజిన్‌ను శాసించే కంప్యూటరే లేదు కనుక ఇమ్మొబిలైజర్ అన్న ప్రసక్తి రాదు. స్టార్టర్ మోటారుకు కరెంటు అందితే ఇంజిన్ తిరుగుతుంది, ఒకసారి తిరిగాక దానికి కరెంటుతో పెద్దగా పని ఉండదు. ఒకే కంపెనీ ఒకే మోడల్ ట్రాక్టర్ల తాళంచెవులు ఒకదానికొకటి సరిపోవడం రైతులందరికీ తెలిసిన విషయమే. పక్క చేనిలో పని ఆగకూడదన్న అవసరంలో ఇది సౌకర్యంగానే ఉంటుంది, కానీ అదే సౌకర్యం దొంగకూ ఉంటుంది. ఇలాంటి బండికి తాళంచెవి భద్రత అన్నది దాదాపు లేనట్టే లెక్క. మట్టి తవ్వే యంత్రాల్లో చాలావాటి పరిస్థితీ ఇదే.

కొత్త బండ్ల సంగతి వేరు. తాళంచెవి ప్లాస్టిక్ తలలో బ్యాటరీ అక్కర్లేని చిన్న చిప్ ఒకటి ఉంటుంది. తాళం రంధ్రం చుట్టూ ఉన్న తీగచుట్ట సాధారణంగా 125 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక అయస్కాంత క్షేత్రాన్ని సృష్టిస్తే, ఆ క్షేత్రం నుంచే చిప్ శక్తిని తీసుకుని మేల్కొంటుంది. బండిలోని కంప్యూటర్ ఒక సంఖ్యను పంపుతుంది. చిప్ తనలో దాచుకున్న రహస్య సంకేతంతో ఆ సంఖ్యను మార్చి జవాబు పంపుతుంది. జవాబు సరిపోతేనే ఇంధనం, నిప్పురవ్వ అందుతాయి. ప్రతిసారీ ప్రశ్న మారుతుంది కనుక ఒకసారి విన్న జవాబును దాచుకుని మళ్లీ వాడడం కుదరదు. ఐరోపా సంఘంలో 1998 అక్టోబరు నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి అయింది. నెదర్లాండ్స్ దొంగతనాల సమాచారాన్ని పరిశీలించి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనం, ఈ పరికరం వల్ల కార్ల దొంగతనాల రేటు సగటున 40 శాతం తగ్గిందని తేల్చింది. వాహన భద్రత చరిత్రలో ఇంత స్పష్టంగా ఫలితం చూపిన పరికరం మరొకటి ఉందని నేను అనుకోను. దాని లోపాలను చెప్పుకునే ముందు ఈ మాట చెప్పడం న్యాయం.

అది లేనప్పుడు ఏమవుతుందో అమెరికాలో కనిపించింది. ఐరోపాలోలా అక్కడ ఇమ్మొబిలైజర్‌ను చట్టం తప్పనిసరి చేయలేదు. అందువల్ల కియా, హ్యుందాయ్ కంపెనీలు అక్కడ అమ్మిన కొన్ని మోడళ్లలో, మామూలు ఇనుప తాళంచెవితో నడిచే రకాలకు అది లేకుండా పోయింది. ఆ కార్లను ఎలా దొంగిలించాలో చూపే వీడియోలు 2021, 2022 సంవత్సరాల్లో సామాజిక మాధ్యమాల్లో వ్యాపించి, కుర్రవాళ్లు యూఎస్‌బీ తీగ మొనతో కార్లు ఎత్తుకుపోయే స్థితి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ఆ రెండు కంపెనీలు కలిసి దాదాపు 83 లక్షల వాహనాలకు సాఫ్ట్‌వేర్ మార్పు ప్రకటించాల్సి వచ్చింది. కియా మన పెనుకొండ దగ్గర కార్లు తయారుచేస్తున్న కంపెనీయే కనుక ఇక్కడి పాఠకులకు అనుమానం రావచ్చు. ఆ వివాదం అమెరికా మార్కెట్ కోసం తయారైన మోడళ్లది, పెనుకొండ ఫ్యాక్టరీతో దానికి సంబంధం లేదు. కంపెనీ పేరును బట్టి కాక, కొనే మోడల్‌లోని ఆ రకానికి ఇమ్మొబిలైజర్ ఉందా లేదా అని విడిగా అడగాలని మాత్రం ఈ ఉదంతం చెబుతుంది.

ఇక ఇమ్మొబిలైజర్ హద్దుల గురించి. దాని బలమంతా రహస్య సంకేతం పొడవులోనూ లెక్క పద్ధతిలోనూ ఉంటుంది. తొలితరం చిప్‌లలో విరివిగా వాడిన ఒక రకంలో సంకేతం పొడవు 40 బిట్లు, అంటే దాదాపు 1.1 లక్షల కోట్ల అవకాశాలు. వినడానికి ఇది పెద్ద సంఖ్యే అయినా కంప్యూటర్‌కు పెద్దది కాదు; 2005లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఆర్ఎస్ఏ ప్రయోగశాల వారు కలిసి దాన్ని ఛేదించి చూపారు. 2012లో మరో బృందం ఇంకో విస్తృతమైన పద్ధతిని 360 సెకన్లలో ఛేదించవచ్చని ప్రకటించింది. మూడో పద్ధతిలోని లోపాలను కనుగొన్న శాస్త్రవేత్తలు వాటిని ప్రచురించకుండా 2013లో వోక్స్‌వ్యాగన్ కంపెనీ బ్రిటన్ న్యాయస్థానం నుంచి ఉత్తర్వు తెచ్చుకుంది. ఆ పరిశోధన చివరికి 2015లో గానీ బయటికి రాలేదు. ఆ మధ్య కాలంలో లోపం ఉన్న కార్లు రోడ్ల మీద తిరుగుతూనే ఉన్నాయి, వాటి యజమానులకు మాత్రం ఆ సంగతి తెలియదు. లోపాన్ని దాచితే భద్రత పెరుగుతుందన్న వాదన నాకు ఎప్పుడూ సమ్మతంగా తోచలేదు. దాచిన కాలమంతా నష్టపోయే అవకాశం ఉన్నది ఆ సంగతి తెలియనివారికే.

అయితే దొంగలందరూ గణితం నేర్చుకుని రారు. తాళంచెవి పోగొట్టుకున్న యజమానికి కొత్తది ఇవ్వడానికి ప్రతి కంపెనీ ఒక మార్గం ఉంచక తప్పదు, ఆ మార్గం డ్రైవర్ కాళ్ల దగ్గర, డ్యాష్‌బోర్డు కింద ఉండే ఓబీడీ అనే రంధ్రం గుండా వెళుతుంది. మెకానిక్ షెడ్డులో ఇంజిన్ లోపం కనుక్కోవడానికి స్కానర్ పెట్టేది అందులోనే. కొన్ని మోడళ్లలో తగిన యంత్రం ఉంటే ఆ రంధ్రం ద్వారా కొత్త తాళంచెవిని బండికి పరిచయం చేయవచ్చు. మరమ్మతు కోసం ఉంచిన దారిని పూర్తిగా మూసేస్తే మామూలు మెకానిక్‌కు పని ఉండదు, యజమాని ప్రతి చిన్నదానికీ షోరూమ్‌కు పరిగెత్తాలి. తెరిచి ఉంచితే దొంగకూ అదే దారి. ఈ చిక్కుకు ఇంతవరకు అందరికీ నచ్చే పరిష్కారం దొరకలేదు.

మీట నొక్కితే స్టార్టయ్యే, తాళంచెవి జేబులో ఉంటే చాలనే కార్లలో మరో లోపం ఉంది. ఇంట్లో ఉన్న తాళంచెవి సంకేతాన్ని రెండు రేడియో పరికరాలతో వీధిలో ఉన్న కారు దాకా పొడిగిస్తే, తాళంచెవి పక్కనే ఉందని కారు భ్రమపడుతుంది. జ్యూరిచ్‌లోని ఈటీహెచ్ పరిశోధకులు 2011లోనే 8 కంపెనీలకు చెందిన 10 మోడళ్ల మీద దీన్ని నిరూపించారు. 2023లో మరో పద్ధతి వెలుగులోకి వచ్చింది. బండిలోని కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ అనే తీగల వ్యవస్థను 1986లో బాష్ కంపెనీ ప్రకటించింది. అప్పట్లో బయటివాడు ఆ తీగల దాకా వస్తాడన్న ఆలోచన ఎవరికీ లేదు. హెడ్‌లైటు వెనక ఉన్న తీగను అందుకుని, తాళంచెవి సరైనదేనన్న తప్పుడు సందేశాన్ని అందులోకి పంపి కారు తీసుకెళుతున్నారని ఇద్దరు ఇంజినీర్లు బయటపెట్టారు. వారిలో ఒకరి సొంత కారు లండన్‌లో అలాగే పోయింది. ఇలాంటి పరికరాలను దగ్గర ఉంచుకోవడాన్నే నేరంగా చేసే నిబంధనతో బ్రిటన్ ప్రభుత్వం 2025లో పార్లమెంటు ముందుకు బిల్లు తెచ్చింది.

ఈ లోపాలన్నీ ఒకేచోట పేరుకున్న వాహనం ఐరోపాలో వాడే మోటార్‌హోమ్, అంటే మనం కారవాన్ అని పిలుస్తున్న ఇల్లులాంటి బండి. ఐరోపాలో వీటిలో చాలావాటికి ఆధారం ఫియట్ డుకాటో అనే సరుకుల వ్యాను. ఒకే వ్యాను మీద అనేక కంపెనీలు ఇల్లు కడతాయి కనుక ఒక లోపం తెలిసిన దొంగకు వేల బండ్లు తెలిసినట్టే. ముందు తలుపులు వ్యాను కంపెనీవి, వెనక గది తలుపూ కిటికీలూ వేరే సంస్థలవి. ఆ కిటికీలు సాధారణంగా అక్రిలిక్ పలకలు, వాటి గడియలు తేలికవి. బండి ఖరీదు ఎక్కువ, సంవత్సరంలో అది కదిలే రోజులు తక్కువ. చలికాలమంతా ఎక్కడో షెడ్డులో నిలిపి ఉంచితే అలారం, ట్రాకర్ కలిసి నెమ్మదిగా బ్యాటరీని తాగేస్తాయి. బ్యాటరీ దిగిపోతే రెండూ మౌనం వహిస్తాయి. అది భరించలేక కొందరు యజమానులే వాటిని ఆపేస్తారు. ట్రాకర్ చందా గడువు ముగిసిన సంగతి బండి పోయాక గుర్తొచ్చేవారూ ఉంటారు. నెలల తరబడి ఎవరూ చూడని చోట ఉండే బండి పోయిన సంగతి తెలియడానికే వారాలు పట్టవచ్చు, అప్పటికి అది ఎన్ని దేశాలు దాటి ఉంటుందో ఎవరూ చెప్పలేరు.

గండికోట లోయ అంచున కారవాన్లు నిలిపే రోజులు మనకూ వస్తున్నాయి కనుక ఆ పాఠం దూరపుది కాదు. అంతకంటే ముఖ్యంగా, నెలలు కాకపోయినా వారాల తరబడి నిలిచిపోయే బండ్లు మన దగ్గర ఎప్పటి నుంచో ఉన్నాయి. గిరాకీ లేక తాడిపత్రి, బేతంచెర్ల వైపు రాళ్ల ఫ్యాక్టరీల దగ్గర వరుసగా నిలిచే లారీలు, పంట పనులు ముగిశాక చేను గట్టున కప్పి ఉంచే ట్రాక్టర్లు అలాంటివే. వాటికి బిగించిన ట్రాకర్ బ్యాటరీ ఎన్నాళ్లు నిలుస్తుందని అడిగి కొన్నవారు అరుదు.

ఇప్పుడు ట్రాకర్ దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఎక్కువమంది నమ్మకం దాని మీదే ఉంది. జీపీఎస్ ఉపగ్రహాలు మన బండిని చూడవు. భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ అవి సమయాన్నీ తమ స్థానాన్నీ ప్రకటిస్తాయి, అంతే. బండిలోని పరికరం కనీసం నాలుగు ఉపగ్రహాల నుంచి వచ్చిన సంకేతాలను పోల్చి తానెక్కడుందో లెక్క కట్టుకుంటుంది. ఆ లెక్క యజమాని ఫోన్‌కు చేరాలంటే పరికరంలోని సిమ్ కార్డు ద్వారా, మామూలు మొబైల్ టవర్ మీదుగా వెళ్లాలి. అంటే ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు రేడియో మార్గాలు ఏకకాలంలో పనిచేయాలి. వాటిలో ఏది తెగినా ఫోన్‌లోని పటం మీద బండి చివరిసారి కనిపించిన చోటే నిలిచిపోతుంది. ఆ చుక్క కదలడం లేదు కనుక బండి అక్కడే ఉందని అనుకునే ప్రమాదం కూడా ఉంది.

మొదటి మార్గం చాలా బలహీనమైనది. ఉపగ్రహ సంకేతం నేలను చేరేసరికి దాని శక్తి వాట్‌లో కోటి కోట్లవ వంతులో మళ్లీ నూరవ వంతు స్థాయికి పడిపోతుంది. అదే పౌనఃపున్యంలో పక్కనే చిన్నపాటి రేడియో రొద చేసే పరికరం ఏదైనా ఉంటే ఆ సంకేతం అందులో మునిగిపోతుంది. సిగరెట్ లైటర్ రంధ్రంలో పెట్టేంత చిన్న జామర్లు చేసేది అదే. అనుమతి లేకుండా వాటిని వాడడం మన దేశంలో చట్టవిరుద్ధమే అయినా, బండి దొంగిలించడానికి సిద్ధపడినవాడిని ఆ నిషేధం ఆపుతుందని అనుకోలేం. ఇనుప పెట్టెలాంటి కంటైనర్‌లోకి, రేకుల షెడ్డులోకి బండిని చేర్చితే జామర్ కూడా అక్కర్లేదు.

రెండో మార్గానికి మన భూగోళమే అడ్డు. నల్లమల గుండా ఆత్మకూరు నుంచి దోర్నాల వైపు వెళ్లే దారిలో ఫోన్ పలకని చోట్లు ఉన్నాయని ఆ దారిన ప్రయాణించినవారందరికీ తెలుసు. మంచి పరికరం అలాంటి చోట స్థానాలను తనలో దాచుకుని, టవర్ అందగానే ఒకేసారి పంపుతుంది, చవకైనది మరిచిపోతుంది. కొన్ని పాత ట్రాకర్లు 2జీ మీద మాత్రమే పనిచేస్తాయి. 2జీ అసలే లేని కంపెనీ సిమ్ అందులో పని చేయదు; ఉన్న కంపెనీ రేపు ఆ సేవను తగ్గిస్తే పరికరం ఉన్నా లేనట్టే.

వీటన్నిటికంటే సామాన్యమైన ఓటమి మరొకటి ఉంది. పరికరం బిగించే ఎలక్ట్రీషియన్ సులువు చూసుకుని దాదాపు ప్రతి బండిలోనూ దాన్ని డ్యాష్‌బోర్డు కిందే, ఫ్యూజుల పెట్టె పక్కనే కట్టి, కరెంటు బండి బ్యాటరీ నుంచే ఇస్తాడు. అలవాటైన దొంగ మొదట చేయి పెట్టేది అక్కడే. బ్యాటరీ తీగ ఊడదీస్తే చాలు, లోపల సొంత బ్యాటరీ లేని ట్రాకర్ ఆ క్షణమే చచ్చిపోతుంది. అందుకే ప్రయాణికుల వాహనాల పరికరాలకు కేంద్రం నిర్దేశించిన ఏఐఎస్-140 ప్రమాణం, బండి కరెంటు పోయినా కనీసం 4 గంటలు పనిచేసే అంతర్గత బ్యాటరీ ఉండాలంటుంది. 2019 జనవరి 1 తర్వాత రిజిస్టరైన బస్సులు, ట్యాక్సీల వంటి ప్రజారవాణా వాహనాలకు ఆ పరికరం, అత్యవసర మీట తప్పనిసరి. అయితే ఆ నిబంధన పుట్టింది ప్రయాణికుల, ముఖ్యంగా మహిళల భద్రత కోసం. దొంగతనాన్ని ఆపడం దాని ఉద్దేశం కాదు కనుక, అది ఉందన్న ధీమాతో తాళాలు మానేయడం సరికాదు.

ఇంతకూ హెచ్చరిక ఎవరికి వస్తుంది? ఇదే నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసిన ప్రశ్న. బండి యజమాని ప్రొద్దుటూరులో ఉంటాడు, లారీ గుత్తి దగ్గర ఢాబా ముందు ఆగి ఉంటుంది, డ్రైవర్ స్నానానికి వెళ్లి ఉంటాడు. రాత్రి 2 గంటలకు ఇంజిన్ స్టార్టయిందన్న సందేశం యజమాని ఫోన్‌కు వస్తుంది; ఆ ఫోన్ నిశ్శబ్దంలో పెట్టి ఉంటుంది. ఉదయం 6 గంటలకు చూసుకునేసరికి నాలుగు గంటలు గడిచిపోతాయి. కర్నూలు ఊరి అంచున తుంగభద్ర వంతెన దాటితే తెలంగాణ. అనంతపురం నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద కొడికొండ దాటి కర్ణాటకలో అడుగుపెట్టడానికి మామూలు వేగంతో రెండు గంటలు కూడా పట్టదు. బళ్లారి వంద కిలోమీటర్ల దూరం. హిందూపురం నుంచైతే సరిహద్దు కూతవేటు దూరంలోనే ఉంది. రాష్ట్రం మారితే పోలీసు యంత్రాంగం మారుతుంది, సమాచారం చేతులు మారాలి. నాలుగు గంటలు చేతిలో ఉన్న దొంగను వెతకడం, నాలుగు నిమిషాలు మాత్రమే ఉన్న దొంగను వెతకడం పూర్తిగా వేర్వేరు పనులు. కనుక పరికరం ధర గురించి ఆలోచించినంతగా, రాత్రిపూట తప్పనిసరిగా మోగే ఫోన్ నంబర్లు ఎవరివి ఇవ్వాలన్నదాని గురించి ఆలోచించాలి. యజమానితో పాటు డ్రైవర్‌కూ, ఇంట్లో మరొకరికీ హెచ్చరిక వెళ్లేలా, అది సందేశంగా కాక ఫోన్ మోగేలా ఏర్పాటు చేసుకోవచ్చు.

దూరం నుంచే ఇంజిన్ ఆపేసే సౌకర్యం ఉందని కొందరు అమ్మకందారులు చెబుతారు. ట్రాకర్‌కు ఒక రిలేను కలిపి ఇంధనానికో ఇగ్నిషన్‌కో వెళ్లే కరెంటును తెంపడం దాని పద్ధతి. పరుగులో ఉన్న లారీకి ఉన్నట్టుండి ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, వెనక వచ్చేవారికి ప్రమాదం. అందుకే సరిగ్గా తయారైన పరికరం వేగం బాగా తగ్గాకనో, తర్వాతి సారి స్టార్ట్ చేయబోయినప్పుడో మాత్రమే ఆపుతుంది. అలా కాక వెంటనే ఆపేస్తామని చెప్పేవారి పరికరాన్ని కొనకూడదని నేను గట్టిగా చెబుతాను. పైగా నాసిరకం రిలే తనంతట తానే చెడిపోయి బండిని ఘాట్ రోడ్డు మీద నిలిపేయగలదు.

ఆపిల్ కంపెనీ 2021లో తెచ్చిన ఎయిర్‌ట్యాగ్ వంటి చిన్న బిళ్లలను బండిలో దాచడం కూడా ఈ మధ్య పెరిగింది. వాటిలో జీపీఎస్ గానీ సిమ్ గానీ లేవు. చుట్టుపక్కల పోయే ఇతరుల ఫోన్లు వాటి సంకేతాన్ని విని స్థానాన్ని చేరవేస్తాయి. జనం తిరిగే చోట అవి బాగా పనిచేస్తాయి, చేల మధ్య షెడ్డులో పనిచేయవు. మనుషులను రహస్యంగా వెంబడించడానికి వాటిని దుర్వినియోగం చేయకుండా, తెలియని బిళ్ల ఒకటి మీతో ప్రయాణిస్తోందని ఫోన్ హెచ్చరించే ఏర్పాటు ఉంది. 2024 మే నుంచి ఆపిల్, ఆండ్రాయిడ్ ఫోన్లు రెండూ ఈ హెచ్చరిక ఇస్తున్నాయి. ఆ ఏర్పాటు అవసరమే, కానీ బండిలో కూర్చున్న దొంగకూ అదే హెచ్చరిక అందుతుంది.

బండికి ఇప్పటికే ఉన్న కొన్ని వస్తువులు అనుకోకుండా సాయపడతాయి. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల టోల్ దగ్గర తప్పనిసరి అయిన ఫాస్టాగ్ అలాంటిది. బండి టోల్ దాటగానే డబ్బు కోసినట్టు, ఏ ప్లాజాలో కోశారో కూడా యజమానికి సందేశం వస్తుంది. పుల్లూరు పేరు కనిపిస్తే బండి హైదరాబాద్ వైపు, మరూరు కనిపిస్తే బెంగళూరు వైపు పోతోందని అర్థం. కాసేపల్లి, అమకతాడు మధ్య ఎక్కడో ఆగిపోతే వెతకాల్సిన పరిధి తగ్గుతుంది. దానికి తోడు టోల్ కెమెరాలో డ్రైవర్ సీటులో ఉన్నవాడి బొమ్మ పడే అవకాశం ఉంది. దొంగ ఆ ఫాస్టాగ్‌ను పీకేయవచ్చు, పల్లె దారులు పట్టవచ్చు. అయినా ఆ సందేశాలు వచ్చే నంబరు ఇప్పుడు వాడుతున్నదేనా అని చూసుకోవడానికి ఖర్చేమీ లేదు. పాత యజమాని నంబరుతోనే ఫాస్టాగ్ నడుస్తున్న సెకండ్ హ్యాండ్ బండ్లు మన దగ్గర తక్కువేమీ కాదు.

మరి డబ్బు ఎక్కడ పెట్టాలి? పాత డీజిల్ బండికైతే మొదటి ఖర్చు ట్రాకర్ మీద కాదు, బ్యాటరీ నుంచి కరెంటును తెంపే కటాఫ్ స్విచ్ మీద, బలమైన గేర్ తాళం మీద పెట్టాలి. అద్దంలోంచి కనిపించే తాళం దొంగను మరో బండి వెతుక్కునేలా చేస్తుంది. కనిపించని స్విచ్ కంగారు పెట్టి సమయం తింటుంది. ఆ స్విచ్ ఎక్కడ పెట్టాలన్నది యజమాని సొంతంగా నిర్ణయించుకోవాలి గానీ, ఎలక్ట్రీషియన్ అన్ని బండ్లకూ పెట్టే చోట కాదు. కొత్త బండికి, దాని కంప్యూటర్ తీగలకే కలిసి, స్టీరింగ్ మీది మీటలను ఒక వరుసలో నొక్కితే గానీ ఇంజిన్ తిరగనివ్వని పరికరాలు వచ్చాయి. తాళంచెవిని నకలు చేసినా సంకేతాన్ని పొడిగించినా ఆ వరుస తెలియదు కనుక వాటి మీద నాకు నమ్మకం ఎక్కువ. కంపెనీ వారంటీకి ఇబ్బంది ఉందేమో ముందే అడిగి బిగించుకోవాలి. ఇవి కుదిరాక ట్రాకర్ పెడితే దానికి విలువ ఉంటుంది. అది కూడా సొంత బ్యాటరీ ఉన్నదై, డ్యాష్‌బోర్డుకు దూరంగా ఉండాలి. వీలైతే బండి కరెంటుతో సంబంధం లేకుండా రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే మేల్కొని స్థానం పంపే రెండోది ఒకటి ఉండాలి. మొదటి దాన్ని పీకేసి ఊరట చెందిన దొంగ రెండోదాన్ని వెతకడం మానేస్తాడు.

ఈ పరికరాల విలువను నష్టభయం లెక్కగట్టే బీమా వ్యాపారంలో ఉన్నవారు ఎంతగా అంచనా వేశారో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 2002 నాటి ఇండియా మోటార్ టారిఫ్ ప్రకారం, ఆమోదం పొందిన దొంగతన నిరోధక పరికరం బిగించుకున్న వాహనానికి సొంత నష్టం ప్రీమియంలో, అంటే ఆ బండికే జరిగే నష్టానికి కట్టే భాగంలో, నిర్ణయించిన తగ్గింపు 2.5 శాతం, అదీ గరిష్ఠంగా 500 రూపాయలు. కనుక పరికరం ఎంత మంచిదైనా బీమా అవసరాన్ని తీర్చదు. ప్రీమియం తక్కువని థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే తీసుకునే పాత బండ్ల యజమానులు ఒక విషయం గుర్తించాలి: ఆ పాలసీలో దొంగతనానికి పైసా రాదు. సమగ్ర పాలసీ ఉన్నా వచ్చేది కొన్న ధర కాదు. మూడేళ్లు దాటి నాలుగేళ్ల లోపు బండికి తరుగుదల 40 శాతం పోతుంది. బండి మీద అప్పుంటే ఆ డబ్బు మొదట ఫైనాన్స్ సంస్థకే చేరుతుంది.

పోయిన రోజున చేయాల్సిన పనిలో ఆలస్యం పనికిరాదు. 112కు ఫోన్ చేసి, వెంటనే కేసు నమోదు చేయించాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఇస్తే 3 రోజుల్లోగా సంతకం చేయాలి. సరుకులు, ప్రయాణికుల రవాణాకు వాడే వాహనం దొంగతనానికి భారతీయ న్యాయ సంహిత 305వ సెక్షన్ కింద 7 సంవత్సరాల దాకా శిక్ష ఉంది. బీమా కంపెనీకి కూడా అదే రోజు తెలియజేయడం మంచిది. పోలీసులకు వెంటనే చెప్పి, కంపెనీకి చెప్పడంలో మాత్రమే ఆలస్యమైతే ఆ ఒక్క కారణంతో క్లెయిమ్‌ను తిరస్కరించరాదని సుప్రీంకోర్టు 2020లోనూ, ఒక లారీ కేసులో 2022లోనూ స్పష్టం చేసింది. కంపెనీలు రెండు తాళంచెవులూ చూపమంటాయి. రెండోది డ్రైవర్ మారినప్పుడల్లా చేతులు మారి ఎక్కడో పోయిందంటే అక్కడే చిక్కు మొదలవుతుంది. తాళంచెవి బండిలోనే వదిలి డ్రైవర్ దారి అడగడానికి దిగిన ఒక లారీ కేసులో 2023లో సుప్రీంకోర్టు యజమానికి బీమా మొత్తంలో 75 శాతం దక్కేలా తీర్పునిచ్చింది. మిగిలిన 25 శాతం ఆ క్షణపు అజాగ్రత్తకు చెల్లించిన ధర.

పోయిన బండి చాలాసార్లు బండిగా తిరిగిరాదు. గుజిరీ అంగళ్లకు చేరి ఇంజిన్, గేర్‌బాక్స్, టైర్లుగా విడిపోవచ్చు. లేదా ప్రమాదంలో నుజ్జయిన మరో బండి కాగితాలతో, దాని ఛాసిస్ నంబరు తొడుక్కుని తిరిగి రోడ్డెక్కవచ్చు. లేజర్‌తో చెక్కిన అంకెలు, ఊడదీస్తే మళ్లీ బిగించలేని తాళపు మేకులు ఉన్న హై సెక్యూరిటీ నంబర్ ప్లేటు 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకు తప్పనిసరి అయినా, ఛాసిస్ మీద కొట్టిన అంకెలనే రుద్దేసినవారికి ప్లేటు పెద్ద అడ్డంకి కాదు. అయితే ఇనుము మీద అచ్చు గుద్దినప్పుడు పైన కనిపించే అంకె కింద లోహం కూడా నలుగుతుంది. పైపొరను అరగదీసినా ఆ నలుగుడు మిగులుతుంది. ఫోరెన్సిక్ నిపుణులు దాని మీద తగిన ఆమ్ల ద్రావణం పూస్తే నలిగిన భాగం వేరుగా స్పందించి పాత అంకెలు మసకగా పైకి తేలుతాయి. చాలా బండ్ల అసలు గుర్తింపు బయటపడేది అలాగే.

ఆ పరీక్ష జరిగేనాటికి బండి సాధారణంగా ఏమీ తెలియని మూడో మనిషి చేతిలో ఉంటుంది. అందుకే సెకండ్ హ్యాండ్ బండి కొనేవారు కాగితంలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లను బండి మీద ఉన్నవాటితో తామే కళ్లారా పోల్చుకోవాలి. వాహన్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ వివరాలు, అప్పు ఉందా అన్నది చూడాలి. జాతీయ నేర రికార్డుల బ్యూరో నడిపే వాహన్ సమన్వయ్‌లో ఆ బండి పోయినవాటి జాబితాలో ఉందేమో వెతకాలి. అంకెల చుట్టూ కొత్త రంగు, గీతలు, వరుస తప్పిన అచ్చు కనిపిస్తే ధర ఎంత తక్కువైనా వదులుకోవాలి. దొంగసొత్తని తేలిన బండిని పోలీసులు స్వాధీనం చేసుకుంటారు, న్యాయస్థానం దాన్ని అసలు యజమానికో, అతనికి పరిహారం చెల్లించిన బీమా కంపెనీకో అప్పగిస్తుంది, కొన్నవాడు తన డబ్బును అమ్మినవాడి దగ్గరే రాబట్టుకోవాలి.